పడమటి గాలికి ఎదురెళ్ళిన వేసవి

బందరు

బందరులో గాలి సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. వేసవి సాయంత్రం సముద్రపు గాలి తిరిగిందంటే జనం అరుగుల మీదికి వస్తారు. పడమటి గాలి పట్టిందంటే కిటికీలకి తడిగుడ్డలు కడతారు. మా ఇంట్లో ఈ పట్టింపు ఇంకొంచెం ఎక్కువ. నా భార్య సుభద్రకి ఉబ్బసం. సముద్రపు గాలి వీచే రోజున పెరట్లో మల్లెమొగ్గలు కోసేది. పడమటి గాలి రోజున దిండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, వాటికి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది.

నేను అక్కడి కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మాధవి అనే పరిశోధక విద్యార్థిని వచ్చి మా కాలేజీ మేడ మీద ఒక పెట్టె పెట్టించింది. అది గాలిని లోపలికి లాగి ఒక తెల్ల కాగితం గుండా బయటికి వదిలేది. గాలిలో ఉన్న సన్నటి నుసి ఆ కాగితానికి పట్టుకునేది.

“కంటికి కనపడే దుమ్మయితే ముక్కులోనే ఆగిపోతుంది మాస్టారూ. ఈ నుసి ఆగదు. ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది” అని చెప్పింది మాధవి.

సముద్రపు గాలి రోజుల్లో కాగితం దాదాపు తెల్లగానే ఉండేది. పడమటి గాలి రోజుల్లో పొయ్యి వెనక గోడ రంగుకి తిరిగేది. మా ఊళ్ళో చెప్పుకోదగ్గ ఫ్యాక్టరీలు లేవు. మా ఇంటికి వచ్చినప్పుడు ఆ రంగు ఎక్కడిదని అడిగితే మాధవి, “మీ ఊరి పొగ కొంత ఉంది. కానీ ఎక్కువ పాలు చాలా దూరం నుంచి, మెట్ట ప్రాంతాల మీదుగా వచ్చిందే” అంది.

“ఏ ఊరి నుంచమ్మా?” అని సుభద్ర అడిగింది.

“ఊరి పేరు చెప్పలేనండీ. గాలి ఏ దిక్కు నుంచి వచ్చిందో మాత్రం చెప్పగలను.”

ఆ తర్వాత ఒక ఏప్రిల్‌లో సుభద్ర ఆయాసం ముదిరింది. సముద్రపు తేమ కూడా ఆమెకి పడటం లేదని, కొన్నాళ్ళు ఎక్కడైనా పొడి నేల మీద గడిపి రమ్మని డాక్టరు సలహా ఇచ్చాడు. పొడి నేల అనగానే ఆమెకి తమ్ముడు ప్రసాదు గుర్తొచ్చాడు. వాళ్ళ నాన్న దివిసీమలో ఉన్న కాస్త భూమీ అమ్మి, నిజాంసాగర్ కాలువ కింద పొలం కొనుక్కుని బాన్సువాడ దగ్గర స్థిరపడ్డాడు. సుభద్ర అప్పటికే నా భార్య అయి బందరులో ఉండిపోయింది. తమ్ముణ్ణి చూసి చాలా ఏళ్ళయింది.

“గాలి వచ్చే వైపుకే గదండీ మనం వెళ్ళేది” అంది రైలెక్కాక.

“అక్కడ కాలువలూ పచ్చటి పొలాలూ ఉంటాయి. పొగెందుకుంటుంది?” అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

బాన్సువాడ బస్టాండు

హైదరాబాదు నుంచి బస్సు బాన్సువాడ చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ప్రసాదు ఇంకా రాలేదు. బస్టాండు నీడలో ఒక ముసలమ్మ తాటిముంజలు అమ్ముతోంది. రూపాయికి మూడు. బందరులో అదే రూపాయికి నాలుగొస్తాయని నేను మనసులో లెక్కేసుకుంటుంటే సుభద్ర అప్పుడే ఆమె పక్కన కూర్చుంది.

“యాడికెళ్ళి వస్తున్నరు బిడ్డా?”

“బందరు నుంచండి. మా తమ్ముడు ఇక్కడ ఉంటాడు.”

“నన్నెందుకు అండి అంటవ్? అవ్వా అను. గట్ల రొప్పుతున్నవేంది, దమ్మున్నదా?”

ఉబ్బసాన్ని అక్కడ దమ్ము అంటారని అప్పుడే తెలిసింది. సుభద్ర తలూపింది. ముసలమ్మ ఒక ముంజ ఎక్కువ వేసింది.

“మా దిక్కు గాలి మంచిగుంటది. నాలుగు దినాలు ఉండు, తగ్గుతది” అంది.

ప్రసాదు వచ్చాడు. మనిషి నల్లబడి, వాళ్ళ నాన్న పోలికలోకి వచ్చేశాడు.  అక్క చేతిలో సంచి లాక్కుని ముందు నడిచాడు.

కాలువ పక్కన

కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ళు ఉండే చోటుని అక్కడ క్యాంపు అంటారు. పేరుకి క్యాంపేగానీ అన్నీ పెంకుటిళ్ళూ డాబాలూ. మధ్యలో సన్నటి కాలువ, అవతల పాత ఊరు. ప్రసాదు భార్య విజయ గోంగూర పచ్చడి చేసి పెట్టింది. అవతలి ఊరి నుంచి గంగవ్వ అనే ఆవిడ జొన్నరొట్టెలూ పచ్చిపులుసూ పంపింది. గంగవ్వ భర్త సాయిలు తాతల కాలం నుంచి అక్కడి రైతు. అతని పొలమూ ప్రసాదు పొలమూ ఒకే గట్టుకి అటూ ఇటూ ఉన్నాయి. మొదట్లో ఈ రెండు కుటుంబాలకీ నీళ్ళ దగ్గర మాటా మాటా వచ్చేదట. ఇప్పుడు ప్రసాదు అతన్ని అన్నా అని పిలుస్తాడు.

తెల్లగా ఉన్న ఆ రొట్టె మా వైపు వాళ్ళ గొంతు తొందరగా దిగదు. సుభద్ర పచ్చిపులుసులో నానేసుకుని ఇష్టంగా తింది. ఉడికించని ఆ చింతపండు పులుసు పుల్లపుల్లగా ఉండి ఛాతీకి హాయిగా ఉందనేది.

మొదటి వారం చాలా బాగా గడిచింది. ఎన్నో నెలల తర్వాత సుభద్ర ఒకే ఒక్క దిండు వేసుకుని వెల్లకిలా పడుకుంది. పొద్దున్నే గంగవ్వతో కలిసి కాలువ గట్టు మీద నడిచి వచ్చేది. ఒకరోజు విజయ నన్ను ఉల్లిపాయలు తెమ్మని కొట్టుకి పంపింది. “ఎల్లిగడ్డనా సారూ, ఉల్లిగడ్డనా?” అని కొట్టతను అడిగాడు. ఎండకి తల తిరుగుతూ ఉండి “అదే, ఎల్లిగడ్డ” అన్నాను. రెండు కిలోల వెల్లుల్లి మోసుకొచ్చాను. సుభద్ర నవ్వీ నవ్వీ దగ్గింది. ఆ దగ్గు ఆయాసంలోకి దిగుతుందేమోనని అందరం ఆమె వైపు చూశాం. దిగలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

“తమ్ముడూ, ఇక్కడే ఉండిపోతానురా” అంది ఆ సాయంత్రం.

“ఉండక్కా. ఎవరు వద్దన్నారు?” అన్నాడు ప్రసాదు.

మద్నూర్

వరి కోతకొచ్చింది. ఒకప్పుడు మనుషులు కోసి కుప్పలేసేవాళ్ళు. ఇప్పుడు కూలీలు దొరక్క మిషన్లు వస్తున్నాయి. పంజాబు నుంచి వాటిని లారీల మీద తెచ్చేవాళ్ళు మద్నూర్ దగ్గర పెద్ద రోడ్డు పక్కన ఆగుతారని, కిరాయికి మాట్లాడాలని ప్రసాదు బయల్దేరితే నేనూ వెంట వెళ్ళాను.

మద్నూర్‌లో ఒకే టీకొట్టు ముందు తెలుగూ మరాఠీ హిందీ కలిసి వినపడ్డాయి. మా వైపు టీ అంటే వాళ్ళు ఛాయ్ అన్నారు. పాలు చిక్కగా, తీపి ఎక్కువగా ఉంది. కోతమిషను నడిపే సర్దారు నడివయసు మనిషి. నాకొచ్చిన కాస్త హిందీతో వాళ్ళ ఊరి సంగతులు అడిగాను. అక్కడ మిషను కోశాక పొలంలో మిగిలిన కొయ్యకాళ్ళు తగలబెడతామని, ఆ రోజుల్లో తన తల్లి గదిలోంచి బయటికి రాదని చెప్పాడు. “ఆమెకీ శ్వాస జబ్బే” అని గుండె మీద చెయ్యి పెట్టి చూపించాడు.

పడమటి వైపు ఆకాశం అడుగున బూడిదరంగు చార ఒకటి ఉంది. మబ్బేమో అనుకున్నాను. టీకొట్టు పెద్దాయన తల అడ్డంగా ఊపి, “ధూర్ తికడూన్ యేతో” అన్నాడు.

పొగ అటునుంచి వస్తుందంటున్నాడని ప్రసాదు చెప్పాడు. “సరిహద్దు అవతల చెరుకు కొట్టేశాక ఆకు కాలుస్తారు బావా. వాళ్ళనడిగితే ఇంకా అవతలి వాళ్ళదంటారు.”

“మనం?”

ప్రసాదు ఛాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. “మిషను కోశాక గడ్డి ముక్కలై పొలమంతా పడుతుంది. పశువులు తినవు. కాల్చక ఏం చేస్తాం? మేమూ కాలుస్తాం. ఏటా.”

బస్సులో తిరిగి వస్తూ నేను కిటికీ పక్కన కూర్చున్నాను. గాలి వెనకనుంచి వీస్తోంది. బందరులో ఏళ్ళ తరబడి మా కిటికీల దగ్గరికొచ్చి ఆగిన గాలి ఇక్కడి పొలాల మీదుగానే వెళుతుందన్న ఆలోచన మొదటిసారి గుండెలో పడింది. సుభద్రతో ఎలా చెప్పాలో తోచలేదు. ప్రసాదుకీ అదే తోచినట్టుంది. దిగేముందు, “అక్కకి చెప్పకు బావా” అన్నాడు.

రుద్రూర్

ప్రసాదు తన పొలం కోయించాడుగానీ నిప్పు పెట్టలేదు. అక్క వెళ్ళాక చూద్దామన్నాడు. మిగతా వాళ్ళు మాత్రం మొదలుపెట్టారు. మొదటి పొగ కాలువ దాటి వచ్చిన రోజున సుభద్రకి మళ్ళీ దిండ్లు పేర్చాల్సి వచ్చింది.

ఆ మర్నాడు ప్రసాదు నన్ను రుద్రూర్ తీసుకెళ్ళాడు. అక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ఒక అధికారి మమ్మల్ని చెట్టు కింద కుర్చీలేసి కూర్చోబెట్టి ఓపిగ్గా మాట్లాడాడు. పొలానికి నీళ్ళు పెట్టి, బురదగా దమ్ము చేసి గడ్డిని నేలలో కలియదున్నితే మంచిదని, భూమికీ బలమని చెప్పాడు.

“కాలువ కట్టేశారు కదా సార్. నీళ్ళేవి?” అన్నాడు ప్రసాదు.

ఆయన తల వంచుకుని, “అదే కష్టం” అన్నాడు.

మేం తిరిగొచ్చేసరికి ఇంటిముందు సాయిలు కూర్చుని ఉన్నాడు. విజయ ద్వారా సంగతి అంతా తెలిసింది అతనికి.

“గీ పొగతోనేనా అక్కకు దమ్ము లేస్తున్నది?” అని అడిగాడు.

నేను అవునన్నాను.

“ఇన్నేండ్ల సంది కాలుస్తున్నం. గిట్లైతదని ఎవ్వలు చెప్పలే.” లేచి కండువా దులుపుకున్నాడు. “మీరు ఫికర్ చెయ్యకుండ్రి సారూ. నేను మాట్లాడుత.”

ఆ సాయంత్రమే సాయిలు పాత ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగాడు. తర్వాత క్యాంపులోనూ తిరిగాడు. నేను అతని వెంట ఉన్నాను. ప్రతి గడప దగ్గరా ఒకే మాట. “మన ప్రసాదు అక్క వచ్చింది. ఆమెకు దమ్మున్నది. ఆమె ఉన్నన్ని దినాలు ఎవ్వలు అగ్గి పెట్టకుండ్రి.” ఒకరిద్దరు గొణిగారు. ఒకతను, “పసుపు పెట్టాలె, దుక్కి దున్నాలె, ఎన్ని దినాలు ఆగాలె?” అని అడిగాడు. సాయిలు, “నీ ఇంట్ల ఆడబిడ్డ అయితే ఎన్ని దినాలు ఆగుతవో గన్ని దినాలు ఆగు” అన్నాడు. 

ఆగారు. రెండు ఊళ్ళవాళ్ళూ ఆగారు. కంటికి కనపడినంత మేర పొలాలు కోసినవి కోసినట్టే పసుపుపచ్చగా పడి ఉన్నాయి. నా ఊళ్ళో, మా వీధిలో, ఇంటి ముందు చెత్త తగలబెట్టొద్దని మేం బతిమాలితే విన్నవాళ్ళు లేరు. ఇక్కడ ముఖం కూడా చూడని మనిషి కోసం ఇంతమంది పనులు ఆపుకున్నారు. సుభద్రతో చెబితే చాలాసేపు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఎక్కడిదో పొగ

అయినా పొగ తగ్గలేదు.

మొదట నాకు అర్థం కాలేదు. చుట్టుపక్కల ఎక్కడా మంట లేదు. కానీ పొద్దున లేచేసరికి కాలువ మీద పాలుపోసినట్టు తెల్లటి పొర. సూర్యుడు ఎర్రటి బిళ్ళలా చాలాసేపు కంటికి నొప్పి పుట్టకుండా కనపడేవాడు. ఆరేసిన బట్టలకి వాసన. ప్రసాదూ సాయిలూ సైకిళ్ళ మీద పక్క ఊళ్ళు చూసి వచ్చారు. ఆ పక్క ఊరివాళ్ళు కూడా మాది కాదన్నారు. ఆ పై ఊరి నుంచి వస్తోందన్నారు. నాలుగు ఊళ్ళ అవతలిదాకా వెళ్ళొచ్చాక సాయిలు గట్టు మీద చతికిలపడ్డాడు.

“మనం ఆపితె ఏమాయె. ఇగ గాలిని ఎవ్వలు ఆపుతరు?” అన్నాడు.

మాధవి మాటలు నాకు గుర్తొస్తూనే ఉన్నాయి. అప్పుడు అవి చదువుకున్న పిల్ల చెప్పిన కొత్త సంగతులు. ఇప్పుడు అవే మాటలు నా భార్య మెడ దగ్గర గుంటలు పడేలా ఎగిసిపడే ఊపిరిగా కళ్ళముందున్నాయి. బందరు వెళ్ళిపోదామంటే, ఈ గాలి వెళ్ళేది అటువైపే. ఎక్కడికి తీసుకెళ్ళాలి?

గంగవ్వ రోజూ వచ్చేది. వాము వేసి మరిగించిన నీళ్ళు తెచ్చేది. సుభద్ర వీపు నిమురుతూ కూర్చునేది. 

“ఏమనుకోకు బిడ్డా. మేము పెడతలేము” అంది ఒకసారి గంగవ్వ. తప్పు చేసినదానిలా.

“తెలుసు అవ్వా” అంది సుభద్ర. ఆమెకి అవ్వా అనడం అప్పటికి బాగా అలవాటైంది.

దవాఖాన

ఒకరోజు తెల్లవారుతుండగా సుభద్ర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ప్రసాదు జీపు తెచ్చాడు. బాన్సువాడ దవాఖానకి పోతూ ఆమె తల నా ఒళ్ళో, కాళ్ళు విజయ ఒళ్ళో. దారి పొడుగునా కిటికీ బయట అదే తెల్లటి పొర. లైట్లు వేసుకుని ఎదురొచ్చే లారీలు, ఎడ్లబండ్ల నీడలు, రోడ్డు పక్కన మనుషుల నీడలు.

ఒక్కొక్క మాటా ఒక్కొక్క ఊపిరి పెట్టి కొనుక్కున్నట్టుగా ఉంది ఆమెకి. అయినా ప్రసాదుని పిలిచింది.

“సాయిలన్నతో చెప్పు… ఇంక పెట్టుకోమను. వానలు… వస్తాయి.”

“మాట్లాడకక్కా.”

“నాకోసం… వాళ్ళ దుక్కి… ఆపద్దు.”

దవాఖానలో డాక్టరు వెంటనే ఆక్సిజన్ పెట్టాడు, ఇంజక్షన్లు ఇచ్చాడు. ఆయన చెయ్యగలిగింది చేశాడు. మధ్యలో ఒకసారి ఆమెకి తేలికపడింది. నన్ను చూసి, తినలేదా అన్నట్టు చేత్తో సైగ చేసింది. నేను తిన్నానని తలూపాను. బయట వరండాలో సాయిలూ గంగవ్వా నేలమీద కూర్చుని ఉన్నారు. మిగతా బెంచీల మీద కూడా దగ్గేవాళ్ళే ఎక్కువ. ఒక తల్లి ఒళ్ళో పాపాయి ఛాతీ పిట్ట గుండెలా కొట్టుకుంటోంది.

మధ్యాహ్నం కాకముందే సుభద్ర వెళ్ళిపోయింది.

మంజీర ఒడ్డు

వేసవిలో మంజీర అంటే ఇసుక, మధ్యమధ్య నీటి గుంటలు. మా కృష్ణ చివర సముద్రంలో కలిసేచోట పెరిగిన మనిషిని ఆ సన్నటి నీళ్ళ పక్కన పడుకోబెట్టాం. మాకు పిల్లలు లేరు. నేనే నిప్పు పెట్టాను. కట్టెలు అంటుకుని పొగ లేవగానే, అది ఎటు పోతుందో చూడకుండా ఉండలేకపోయాను. తూర్పు వైపు వంగింది.

రెండు ఊళ్ళ నుంచీ జనం వచ్చారు. మా వైపు శవం వెంట ఆడవాళ్ళు శ్మశానం దాకా రారు. అక్కడ గంగవ్వా మరికొందరు ఆడవాళ్ళూ ఇసుక దాకా వచ్చి నిలబడ్డారు. దుక్కి ఎన్ని దినాలు ఆపాలని అడిగినతను కట్టెలు మోశాడు.

సుభద్ర చెప్పిన మాట ప్రసాదు సాయిలుకి చెప్పాడు. సాయిలు విని, “పదకొండో దినం దాక ఆగుతం” అని మాత్రం అన్నాడు. అలాగే ఆగారు. ఆ పదకొండు రోజులూ గాలి మారలేదు, పొగా తగ్గలేదు. అయినా ఆ రెండు ఊళ్ళలో ఒక్క అగ్గిపుల్ల గీయలేదు. వాళ్ళు అలా ఆగడం ఎవరికీ ఉపయోగపడలేదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక ప్రసాదు నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

“బావా, రెండు ఎకరాలు ట్రాక్టరుతో దున్ని చూశాను. గడ్డి నాగళ్ళకి చుట్టుకుని కదలట్లేదు. తొలకరికి నారు పొయ్యకపోతే అప్పులకి పొలం పోయి ఈ ఏడు కౌలు రైతునైపోతాను. ఏం చెయ్యమంటావు?”

 అతని కళ్ళు ఏడ్చి వాచి ఉన్నాయి. అక్క ప్రాణం తీసిన పనినే చెయ్యడానికి అక్క మొగుణ్ణి అనుమతి అడుగుతున్నాడు.

“మీ అక్క చెప్పింది కదా” అన్నాను. “నేను బస్సెక్కాక పెట్టుకో.”

తిరుగు దారి

బస్సు దగ్గరికి గంగవ్వ వచ్చింది. దారిలో తినమని జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది. సాయిలు నా రెండు చేతులూ పట్టుకుని, “మళ్ళ రారి సారూ. ఆమె లేదని మమ్ముల మరిచిపోకుండ్రి” అన్నాడు. వస్తానన్నాను. ప్రసాదు బస్సు కదిలేదాకా కిటికీ ఊచ వదల్లేదు.

బందరులో ఇల్లు తలుపు తీస్తే మంచం మీద దిండ్లు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. వాటిని విడదీయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

వచ్చిన కొద్ది రోజులకే పడమటి గాలి పట్టింది. పొద్దున వీధంతా మసకగా ఉంది. ఎదురింటి అమ్మాయి చంకలో పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. పాప ఆగకుండా దగ్గుతోంది. నన్ను చూసి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

“చూశారా బాబాయిగారూ, ఎక్కడో ఎవరో తగలబెడుతున్నారు. పసిపిల్లలున్న కొంపలని కూడా చూడరు. ఆ పెట్టిన చేతులు పడిపోనూ” అంది.

నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. గడప గడపకీ తిరిగిన సాయిలు కనిపించాడు. ట్రాక్టరు నాగళ్ళకి చుట్టుకున్న గడ్డిని చేతులతో పీక్కుంటున్న ప్రసాదు కనిపించాడు. ఈ పాప దగ్గూ వినిపిస్తూనే ఉంది.

“వాళ్ళు మంచివాళ్ళమ్మా” అన్నాను.

ఆ అమ్మాయి నావైపు అర్థంకానట్టు చూసింది. తర్వాత జాలిపడ్డట్టు చూసింది. పాపని లోపలికి తీసుకెళ్ళి, మెల్లిగా తలుపు వేసుకుంది.